ఒక నాణెం ధరకు ప్రతిపదార్థం

మూలం:

"రూ.100. 2023. ఎన్.టి. రామారావు శతజయంతి. హైదరాబాదు మింటు. వెండి 50 శాతం, 35 గ్రాములు. యు.ఎన్.సి., ఫోల్డర్‌తో. అరుదు. కేటలాగు ధర ఫలానా. మీకు అందులో సగానికే."

నాణేలు అమ్మేవాళ్ళు రాసే వరుసలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఇందులో ఏ మాటకామాట నిజమే కావచ్చు. అయినా చివరిదాకా ఒక్క గుక్కలో చదివితే జేబుకు చిల్లు పడుతుంది. అందుకని పద్యానికి చెప్పుకున్నట్టు మాట మాటకీ ఆగి అర్థం చెప్పుకుందాం. కాకినాడకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ఇక్కడి బంగారం కొట్లలో కాటా మీదికి విక్టోరియా రూపాయలు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. ఉప్పుటేరు అవతలి జగన్నాథపురం 1825 దాకా డచ్చివాళ్ళ చేతిలో ఉండేది, కాబట్టి "మా తాతల నాటి డచ్చి బిళ్ళ" అంటూ తెచ్చేవాళ్ళకూ కొదవ లేదు.

రూ.100: ఇది ముఖవిలువ. ప్రభుత్వం పూచీపడేది ఈ అంకెకొక్కదానికే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము ఈ నాణేన్ని విడుదల చేసినప్పుడు మింటు పెట్టిన ధర, పెట్టెనీ ముద్రణ తరగతినీ బట్టి, రూ.4,050 నుంచి రూ.4,850 దాకా. అంటే కొన్న రోజునే ముఖవిలువకు నలభై రెట్లకు పైగా చెల్లించాం. రేపు ఎవరూ అడగకపోతే ఈ బిళ్ళకు మిగిలే పూచీ వంద రూపాయలు.

జర్మనీ వాళ్ళ లెక్క వేరు. 2002 నుంచి 2010 దాకా వాళ్ళ 10 యూరోల వెండి స్మారక నాణెం మామూలు తరగతిలో అచ్చంగా 10 యూరోలకే బ్యాంకు కౌంటర్లో దొరికేది. పద్దెనిమిది గ్రాముల బరువు, 92.5 శాతం వెండి. కొన్నవాడికి వెండి ధర పెరిగితే లాభం. పెరగకపోతే పది యూరోలు ఎక్కడికీ పోవు. పాత మార్కు నాణేలకూ ఈ ఆధారం ఉంది. యూరోకు 1.95583 మార్కుల చొప్పున, గడువు లేకుండా, జర్మనీ కేంద్ర బ్యాంకు ఇప్పటికీ మార్చి ఇస్తుంది. పది మార్కుల బిళ్ళ తెస్తే 5 యూరోల 11 సెంట్లు ఖాయం. అక్కడి కేటలాగు ఎంత ఎక్కువ చేసి రాసినా కొన్నవాడు పడేది ఒకటి రెండు మెట్లు. మన స్మారక నాణెంలో నలభై మెట్లు.

ముఖవిలువ గురించి ఇంకో మాట. మన బజార్లో ఆ పూచీ కూడా ఒక్కోసారి చెల్లదు. పది రూపాయల బిళ్ళ చూడండి. అది పది గీతలదా పదిహేను గీతలదా, రూపాయి గుర్తు ఉందా లేదా అంటూ కిరాణా కొట్టు దగ్గరా ఆటోలోనూ ఎన్ని తగువులు! రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న, అప్పటిదాకా వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. అయినా "మాకొద్దండీ, ఎవరూ తీసుకోవట్లేదు" అనే జవాబు తెలుగు జిల్లాల్లో పోలేదు. అదే బిళ్ళను ప్లాస్టిక్ కవర్లో పెట్టి యాభైకి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఒకే నాణెం ఒక వీధిలో పదికి చెల్లదు, పక్క వీధిలో యాభై పలుకుతుంది. బజారు ధర అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

2023: కొత్త నాణెం కనుక ఇక్కడ సంవత్సరానికి పెద్ద పనిలేదు. పాత నాణేల దగ్గరే ఈ అంకె జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. వయసుకు విలువ వస్తుందని గట్టి నమ్మకం. రాదు. శాతవాహనుల సీసపు బిళ్ళలు, పొటీన్ బిళ్ళలు రెండువేల ఏళ్ళ నాటివి. పెద్దబంకూరు, కోటిలింగాల లాంటి చోట్ల కుప్పలు తెప్పలుగా బయటపడ్డాయి. అరిగిపోయినవాటిని కొనేవాడు వందల్లోనే ఆలోచిస్తాడు. డచ్చి కంపెనీ మోనోగ్రాం ఉన్న రాగి డాయిట్ సంగతీ అంతే. పద్దెనిమిదో శతాబ్దంలో హాలండ్‌లోని ఒక్కో రాష్ట్రపు మింటూ వాటిని తూర్పు దేశాల వర్తకం కోసం గంపలకొద్దీ కొట్టింది. యూరప్‌లో వాటిని చిల్లరగా గుట్టపోసి అమ్ముతారు. జగన్నాథపురంలో దొరికినంత మాత్రాన దాని రాగి మారదు. ఎక్కడ, ఏ మట్టిపొరలో, దేనితో కలిసి దొరికిందో రాసి ఉంటే చరిత్రకారుడికి అది విలువైనది, వ్యాపారికి కాదు. అన్నట్టు, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

సంవత్సరం ఒకటే అయినా ధర తలకిందులైన కథ మన పక్కదే ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో మింటులో రాగి నాణేలు కొట్టించేది. మన ఉత్తర సర్కారుల కోసం 1794లో వచ్చిన "48 బిళ్ళలు ఒక రూపాయి" నాణెం అక్కడిదే. 1808 తేదీతో పది కాసులు, ఇరవై కాసుల బిళ్ళలు నింపుకుని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకదిబ్బల మీద మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్ళు దిగి పది లక్షలకు పైగా నాణేలు బయటికి తీశారు. చేతులు మారనివి, అరగనివి. అంతకుముందు 1808 నాటి ఇరవై కాసుల బిళ్ళ కొత్తదానిలా దొరకడం గొప్ప. ఆ తర్వాత కేటలాగులో "అరగనిది" అన్న గడిలో ఉన్న ధరకు అర్థమే పోయింది. మన పల్లెల్లో చేతులు మారి నున్నగా అయిన బిళ్ళకన్నా, మద్రాసు ముఖం చూడని బిళ్ళే బజారును నింపేసింది.

ఎన్.టి. రామారావు శతజయంతి: ఇది విషయం. విషయాన్ని బట్టే కొనేవాడెవరో తెలుస్తుంది. ఈ నాణేన్ని ఎగబడి కొన్నవాళ్ళలో నాణేల సేకరణ అలవాటున్నవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళు అభిమానులు. దేవుడి గదిలోనో షోకేసులోనో పెట్టుకుంటారు, అమ్మరు. అందువల్ల మొదట్లో బజార్లో సరుకు తక్కువగా, ధర ఎక్కువగా కనిపిస్తుంది. తరం మారాక వారసులకు అది ఎంత ముఖ్యమన్నది ఏ కేటలాగూ చెప్పలేదు. అహ్మదాబాదులో ఉన్న సేకర్తకు ఇది స్వతంత్ర భారత నాణేల వరుసలో పూడ్చుకోవాల్సిన ఒక గడి, అంతే. అభిమానం సరిహద్దు దాటదు, కేటలాగు అంకె మాత్రం దేశమంతటికీ ఒక్కటే.

జర్మనీలో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పది మార్కుల నాణేలు ఇలాగే ఇంటింటా దాచారు. మొదటి నమూనా మీద "జర్మనీలో" అని ఉన్నందుకు తూర్పు జర్మనీ అభ్యంతరం చెబితే "మ్యూనిక్‌లో" అని మార్చారు. మంచి కథే. కానీ అన్నీ కలిపి పది కోట్ల దాకా కొట్టారు. ఇంటింటా ఉన్నది ఎవరు కొంటారు? ఒక్కోదానిలో 9.7 గ్రాముల దాకా అసలు వెండి ఉంది కాబట్టి గ్రాము వెండి యాభై మూడు సెంట్లు దాటితే వెండి లెక్కన, దాటకపోతే బ్యాంకు లెక్కన పోతాయి. కథకు విడిగా ధర కట్టరు.

హైదరాబాదు మింటు: తేదీ కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాదుది. వజ్రం గుర్తు ముంబైది, గుండ్రని చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. సైఫాబాదులో 1903లో మొదలైన మింటు 1997లో చర్లపల్లికి మారింది. చిల్లర పుచ్చుకునేటప్పుడు ఆ నక్షత్రం మనలో ఎంతమంది చూస్తాం? సేకర్తకు మాత్రం మొదట కంటపడేది అదే. ఒకే ఏడాది నాలుగు చోట్ల కొట్టిన నాణేల్లో ఒకచోట తక్కువ కొడితే ధరంతా ఆ చుక్క దగ్గరే ఉంటుంది. జర్మనీ ఐదు మార్కుల బిళ్ళ 1958లో హాంబర్గ్‌లో అరవై వేలు మాత్రమే కొట్టారు, గుర్తు "జె". ఆ అక్షరం ఉంటే పెద్ద ధర, అదే ఏడాది ఇంకో అక్షరం ఉంటే వెండి ధర. ఇక్కడ కేటలాగు నిజంగా పనికొస్తుంది. ఏ గుర్తు వెతకాలో, తేడా ఎక్కడుందో అది చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పరు. మన 1985 నాటి రూపాయి మీద తేదీ కింద "హెచ్" ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ వాళ్ళు కొట్టింది. కేటలాగు చూడకపోతే ఆ అక్షరం ఎందుకుందో కూడా తెలియదు.

మింటునే నమ్మలేని రోజులూ ఉన్నాయి. "జి" గుర్తుతో, పాత బ్యాంకు పేరుతోనే పొరపాటున 1950 తేదీ వేసి కొట్టిన యాభై ఫెనిగ్ల బిళ్ళ జర్మన్ సేకర్తలకు ప్రాణం. 1970ల మధ్యలో కార్ల్స్‌రూ మింటులో కొందరు ఉద్యోగులే అలాంటి అరుదైన నాణేలను దొంగచాటుగా మళ్ళీ కొట్టారని బయటపడి కేసులు నడిచాయి. అచ్చు అదే, యంత్రం అదే, మనిషీ అదే మింటు మనిషి. మన బొంబాయి, కలకత్తా మింట్లు పాత అచ్చులతో సేకర్తల కోసం అధికారికంగానే మళ్ళీ కొట్టి ఇచ్చేవి. అందుకే పాత కంపెనీ నాణెం అద్దంలా మెరుస్తుంటే అనుమానించాలి. మన మూలంలోని వంద రూపాయల బిళ్ళ హైదరాబాదులోనే కొట్టింది కాబట్టి ఇక్కడ "హైదరాబాదు మింటు" అన్న మాట ధరకు ఒక్క పైసా కలపదు.

వెండి 50 శాతం, 35 గ్రాములు: మిగతాది 40 శాతం రాగి, ఐదేసి శాతం నికెలూ జింకూ. అసలు వెండి పదిహేడున్నర గ్రాములు. విడుదలైనప్పుడు కిలో వెండి 75 వేల చుట్టుపక్కల ఉంది, అంటే బిళ్ళలో వెండి రూ.1,300కు అటూ ఇటూ. వెండి ఒక్కటే రూ.4,050 పలకాలంటే కిలో రెండు లక్షల ముప్పై వేలు దాటాలి. దాటిందే అనుకోండి. కరిగించడానికి లేదు. నాణేలు కరిగించడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. ఇక షరాబు నాలుగు లోహాల మిశ్రమం చూడగానే తరుగు ఎంత తీస్తాడో మీకు తెలుసు. కాబట్టి లోహపు విలువ ఈ నాణేనికి కాగితం మీద లెక్కే.

పాత రూపాయల దగ్గర మాత్రం లోహమే అసలు ధర. విక్టోరియా రూపాయి నుంచి 1939 దాకా తులం బరువు, 11.66 గ్రాములు, అందులో పన్నెండుకు పదకొండు పాళ్ళు వెండి. 1940 నుంచి యుద్ధం దెబ్బకు సగానికి దించేశారు. 1947 రూపాయిలో వెండే లేదు, మొత్తం నికెలు. ఇంట్లో ఒకే మూటలో కట్టి ఉంచిన రాణీ రూపాయలూ రాజు రూపాయలూ చూస్తే ఒకేలా ఉంటాయి. షరాబు మాత్రం ముందు బొమ్మ చూడడు, తేదీ చూస్తాడు. బొటనవేలితో ఒక్కోటి జరిపి నలభై ముందువి ఒక గుట్ట, తర్వాతవి ఒక గుట్ట, పులి బొమ్మ నలభై ఏడువి ఇంకో పక్కకి. పులి బొమ్మవి కాటా ఎక్కవు. ఆ మూడో గుట్టను చూసి ఇంటివాళ్ళ ముఖాలు చిన్నబోతాయి.

అచ్చయిన కేటలాగు ఇక్కడ ఇంకో ఇబ్బంది పెడుతుంది. ఏడాదికోసారి వచ్చే పుస్తకం రోజూ మారే వెండిని ఎలా పట్టుకుంటుంది? 2011 ఏప్రిల్‌లో ఔన్సు వెండి యాభై డాలర్లకు దగ్గరగా వెళ్ళి, 2015 చివరకు పద్నాలుగు కిందికి దిగింది. ఆ రెండింటి మధ్య అచ్చయిన ఏ పుస్తకం చేతపట్టుకుని కొట్టుకు వెళ్ళినా ఎవరో ఒకరు నష్టపోయేవాళ్ళు.

యు.ఎన్.సి.: అసలు వాడకానికి రాని బిళ్ళ. కేటలాగులో ఒకే నాణేనికి పక్కపక్కన నాలుగైదు గడులుంటాయి. బాగా అరిగింది, కొంచెం అరిగింది, దాదాపు అరగనిది, అసలు అరగనిది. మొదటి గడికీ చివరి గడికీ మధ్య పదిరెట్లు, ఇరవైరెట్లు తేడా ఉండొచ్చు. జనం చేసే పని ఏమిటంటే, తమ చేతిలో ఉన్నదానికి చివరి గడి ధర చూసుకోవడం. 1862 నాటి రూపాయిని వెలుతురులో కొంచెం వాల్చి చూడండి. ముందు అరిగేది రాణి చెంప, కిరీటంలోని రాళ్ళు, చెవి పక్క జుట్టు పాయలు. పాయలు విడివిడిగా కనిపించక ముద్దగా ఉంటే మీ గడి మధ్యలో ఎక్కడో ఉంది, చివర కాదు.

ఇంతలోనే మన ఇళ్ళలో ఇంకో ఘోరం జరుగుతుంది. శ్రావణ శుక్రవారం కలశం ముందు పెట్టడానికి వెండి రూపాయిని చింతపండుతోనో పీతాంబరి పొడితోనో తోమి తళతళలాడిస్తారు. వందేళ్ళుగా పట్టిన నల్లటి పొర పోతుంది, దానితోపాటు సేకర్త ఇచ్చే ధరా పోతుంది. భూతద్దం పెడితే ఒకే దిక్కుగా సన్నని గీతలు కనిపిస్తాయి. ఇక ఏ గడిలోనూ పట్టదు. కొక్కెం అతికి మెడలో వేసుకున్నవాటి మాట సరేసరి. పూజకు తోమడం తప్పని నేననను. అది లక్ష్మీదేవి రూపాయి, అమ్ముకునే సరుకు కాదు. కానీ తోమాక కేటలాగు తెరవొద్దు.

ఫోల్డర్‌తో: మింటు అట్ట, ధ్రువపత్రం. ఉంటే మంచిదే. అట్ట నలిగితే బేరం మొదలు.

అరుదు: ఈ మాటకు చట్టం లేదు, కొలత లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తక్కువగా ఉండటం ఒకటి, అడిగేవాళ్ళు ఎక్కువగా ఉండటం ఇంకొకటి. రెండూ కలిస్తేనే ధర. 1911 నాటి ఐదో జార్జి రూపాయి కథ అందరికీ తెలిసిందే. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గోల లేస్తే వెనక్కి తీసుకుని చాలా వరకు కరిగించారు. "పంది రూపాయి" అని చెప్పి అమ్మేవాళ్ళు ఊరూరా ఉన్నారు. అయితే బయటికి వెళ్ళినవీ తక్కువేం కాదు, ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. మామూలు జార్జి రూపాయికన్నా ఎక్కువ పలుకుతుంది, లక్షలు కాదు. అదే ఆరో జార్జి 1939 బొంబాయి రూపాయికి ఏ కథా లేదు, బొమ్మా మామూలే. అసలైన అరుదు అది. అందుకే దానికి దొంగ అచ్చులు ఎక్కువ.

అరుదు అన్న మాట చుట్టూ మన రెండు రాష్ట్రాల్లో నడిచిన మోసాలు ఇంకే మాట చుట్టూ నడవలేదేమో. 1818 తేదీతో ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, రెండోవైపు రాముడి పట్టాభిషేకం ఉన్న బిళ్ళ మీ బంధువుల్లో ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అవి తర్వాతి కాలంలో తయారైన పూజ బిళ్ళలు. ఇంకొందరు బియ్యపు గింజలను లాగుతుందంటూ రైస్ పుల్లింగ్ పేరుతో రాగి బిళ్ళలూ చెంబులూ చూపి కోట్ల బేరాలాడి అడ్వాన్సులు ఎత్తుకుపోయారు. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఐదు, పది రూపాయల బిళ్ళలు లక్షలకు పోతున్నాయని ఫోన్లలో తిరిగిన కబురు నమ్మి గల్లాపెట్టెలు తిరగేసినవాళ్ళు ఎందరో. ఈ బాపతు మోసగాళ్ళు రిజర్వు బ్యాంకు పేరే వాడుకుని కమీషన్, పన్ను అంటూ ముందే డబ్బు గుంజుతుంటే, పాత నాణేల లావాదేవీలతో తమకే సంబంధం లేదని బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించాల్సి వచ్చింది. ముందు డబ్బు అడిగినవాడు కొనేవాడు కాడు.

కేటలాగు ధర: ఇప్పుడు అసలు మాటకు వచ్చాం. ప్రపంచమంతటా వాడే కె.ఎం. సంఖ్యలోని రెండక్షరాలూ క్రాజ్, మిష్లర్ అనే ఇద్దరివి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, అయోలా అనే చిన్న ఊరి నుంచి 1972లో వాళ్ళ ప్రపంచ నాణేల కేటలాగు మొదలైంది. టెలిఫోను డైరెక్టరీ అంత లావు. అందులో ఉన్న ధర దేనిది? ఒక వ్యాపారి తన దగ్గరున్న సరుకును చిల్లరగా అమ్మితే అడిగే ధర అది, డాలర్లలో. మీరు అమ్మితే మీకొచ్చే ధర కాదు. ఐదు సెంట్లు చేయని బిళ్ళకు కూడా ఒక అంకె పడుతుంది, ఎందుకంటే దాన్ని వెతికి కవర్లో పెట్టి పంపడానికి వ్యాపారికి అయ్యే ఖర్చు ఉంటుంది కదా. కొనడానికి మనుషులు బొత్తిగా లేని నాణేనికీ గడి ఖాళీగా వదలడం పుస్తకానికి బాగుండదు. ఆ పుస్తకం వెనకున్న కంపెనీ 2019లో దివాలా తీసింది. ఇప్పటికీ అమ్మేవాడు చూపించేది ఏ ఏడాది కూర్పో అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు.

మన దేశానికి ఇంకో అడ్డం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, విదేశాలకు అమ్ముకోవడానికి లేదు. లండన్‌లో, న్యూయార్క్‌లో పలికిన ధర చూసి డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటే ఉత్త లెక్కే. మీ విక్టోరియా రూపాయి ఆ బజారుకు వెళ్ళదు. దాని బజారు ఇక్కడే, ఇక్కడ కొనేవాళ్ళు ఎంతమందో అంతే.

పుస్తకం తప్పు అనడం లేదు. ప్రిడ్మోర్ రాసిన బ్రిటిష్ ఇండియా నాణేల గ్రంథం ఒకసారి చేతపడితే ఎవరైనా వదలరు. ఏ అచ్చు, ఏ మింటు, ఏ తేడా అని అంత ఓపికగా రాశాడాయన. కేటలాగులో ఎడమవైపున్నదంతా బంగారం. కుడిచివర ఉన్న ధరల గడి ఒక్కటే గాలివాటం.

మీకు అందులో సగానికే: కేటలాగు ధర అమ్మేవాడి కోరిక అయినప్పుడు, అందులో సగం అన్నా, పావు అన్నా తగ్గించింది కోరికలోనే. జర్మనీలో సేకర్తలు కేటలాగులో ఇన్ని శాతం అని ఒక మాటతో బేరం తేల్చేసుకుంటారు. వాళ్ళకు అది మొదలుపెట్టే చోటు మాత్రమే. మన దగ్గర అది ముగింపులా చూపిస్తారు.

నిజంగా పలికిన ధర తెలియాలంటే ముంబై, బెంగళూరు వేలాల ఫలితాలు చూడాలి, అదీ అడిగిన ధర కాదు, సుత్తి పడిన ధర. ఆ అంకెనూ అలాగే తీసుకోకూడదు. వెయ్యి దగ్గర సుత్తి పడితే కొన్నవాడు పైన వేలం సంస్థ రుసుమూ పన్నూ కలిపి పన్నెండు వందల పైచిలుకు కడతాడు. అమ్మినవాడికి కమీషన్ పోను వెయ్యికి తక్కువే చేతికొస్తుంది. ఒకే నిమిషంలో ఒకే నాణేనికి మూడు ధరలు, మూడూ నిజమే. నాణేల ప్రదర్శనలో బల్ల ముందు నిలబడి ధర అడిగాక, ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి: "సరేనండీ, ఇదే నాణెం, ఇదే ఫోల్డర్, నేను తెస్తే ఎంతకు తీసుకుంటారు?" చాలామంది "ఇప్పుడు స్టాకుందండీ" అంటారు. అంకె చెప్పినవాడి అంకె రాసుకోండి. ఈ వరుసలో మూలకర్త రాయకుండా వదిలేసిన మాట అదొక్కటే.